బంగారమ్మ ఇంట్లో బియ్యం నిండుకున్నాయి

మొన్న శనివారం మనవరాలితో కలిసి మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. మేముండేది కౌలాలంపూర్‌లో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో. ఆ పిల్ల బండి తోసుకుంటూ ముందు నడుస్తూ, "పాటీ, ఇంట్లో బియ్యం హబిస్ లా. పెద్ద సంచి తీసుకుందామా?" అంది. హబిస్ అంటే మలాయి మాటలో అయిపోయిందని. నేను తమిళ ముసలమ్మను కాదే, నన్ను పాటీ అనకే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా దాని చెవికెక్కదు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

అక్కడ బియ్యం సంచులు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ఎవరికి కావలసినన్ని వాళ్ళు బండిలో వేసుకుంటున్నారు. పాల డబ్బాలు, చేపల డబ్బాలు మూత బిగించినవి బిగించినట్టే అమ్ముతున్నారు. బయటికి వచ్చేటప్పుడు ఎవరూ ఆపి కొంగు దులపమనలేదు. మనవరాలికి ఇందులో వింతేముంటుంది? నాకు మాత్రం ఇప్పటికీ వింతే. దానికి తోడు బియ్యం హబిస్ అని అంత తేలిగ్గా అనేసరికి ఒళ్ళు ఝల్లుమంది. మా అత్త బంగారమ్మ గనక అక్కడ ఉంటే బండి అక్కడే వదిలేసి, పిల్లని ఇంటికి ఈడ్చుకుపోయి నోరు కడిగించేది.

ముందే చెప్పేస్తున్నాను, మా అత్తకీ నాకూ పడేది కాదు. పోయినవాళ్ళందరినీ దేవతల్ని చేసి చెప్పడం నాకు చేతకాదు. ఆవిడ గయ్యాళి. నేనూ తక్కువదాన్నేం కాదు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం ఉంటే గిన్నెలు కూడా పోట్లాడుకునేవని మా ఆయన కాంతయ్య నవ్వేవాడు. ఆయనకేం, నవ్వేసి పనికి పోయేవాడు.

బంగారమ్మ పుట్టింది ఈ దేశంలోనే, కింది పేరాక్ జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కొబ్బరి తోటలో. ఆవిడ తండ్రి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ తోటలో కూలికి కుదిరాడట. ఈవిడ ఇండియా మొహం ఎన్నడూ చూడలేదు. చిన్నప్పటి నుంచీ కొబ్బరికాయలు పగలగొట్టి, చిప్పల నుంచి కొబ్బరి తీసే పని. మనిషి పొట్టి. చేతులు మాత్రం మగవాళ్ళ చేతుల్లా గట్టిగా ఉండేవి. ఎండబెట్టిన కొబ్బరి వాసన ఆవిడ చీరల్లోంచి ఎంత ఉతికినా పోయేది కాదు.

దుకాణానికి పోవడం ఆవిడకి పండగ. తోటలో ఉన్నది ఒకటే దుకాణం, కరుప్పయ్య అనే తమిళాయనది. ఆవిడ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఆకు వక్క నోట్లో వేసుకుని తీరిగ్గా బయలుదేరేది. ఎండు చేపని విరిచి వాసన చూసేది. చింతపండును వేలితో నొక్కి గింజలున్నాయేమో చూసేది. మిరపకాయల్ని గుప్పిట్లో పట్టి చెవి దగ్గర ఆడించేది. గలగలమంటే సరే, లేదంటే చెమ్మ పట్టినవని వాటిని కరుప్పయ్య వైపు నెట్టేసేది. ఆయన పళ్ళు నూరేవాడు. అయినా సరుకు వచ్చిన రోజున మంచి మిరపకాయలు కాసిని ఆవిడ కోసమని లోపల పక్కన పెట్టేవాడు. నేను వెళితే మాత్రం చెమ్మవే అంటగట్టేవాడు.

ఇంతలా వాగే మనిషి నోట ఒక్క మాట మాత్రం వచ్చేది కాదు. బియ్యం లేవు అనేది కాదు. అయిపోయాయనీ అనేది కాదు. "బియ్యం నిండుకున్నాయి" అనేది. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇలా అనడం మామూలే. లక్ష్మి ఉండే ఇంట్లో లేదన్న మాట పలకకూడదని, ఖాళీ అయినదాన్ని నిండిందనే చెబుతారు. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటారు చూడండి, అలాగే. మిగతావాళ్ళకి అది అలవాటు. మా అత్తకి అది అలవాటు కాదు, భయం.

ఆ భయానికి కారణం ఉంది. జపాన్‌వాళ్ళు మలయాని పట్టుకున్న కాలంలో మా మామని సయాంకి, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌కి, రైలు దారి వేసే పనికి తీసుకుపోయారు. ఆయన మళ్ళీ రాలేదు. ఇంట్లో ఈవిడ, కొడుకు కాంతయ్య, ఆయన తర్వాత పుట్టిన ఒక ఆడపిల్ల మిగిలారు. బియ్యం దొరక్క జనం కర్రపెండలం ఉడకేసుకుని బతికారు. ఒక రోజు ఆ చిన్నది అన్నం కావాలని ఒకటే ఏడుపు. ఈవిడకి విసుగెత్తి, "నేవే, మనింట్లో బియ్యం నేవు" అని కసిరింది. లేవు అనడానికి మావాళ్ళు నేవు అంటారు. ఆ తర్వాత ఆ ఇంటికి బియ్యం గింజ రాలేదు. వానలు పడేసరికి పిల్ల కాళ్ళు వాచాయి, ఇంకొన్నాళ్ళకి పోయింది. ఆకలితో పోయింది, అలాంటి పిల్లలు ఆ తోటలో ఎంతోమంది పోయారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా తన మాటే పిల్లని మింగిందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ కదపలేకపోయారు.

నాకీ కథంతా తెలియక, కాపురానికి వచ్చిన కొత్తలో డబ్బా మూత తీసి చూసి, "అత్తా, బియ్యం అయిపోయాయి" అన్నాను. ఆవిడ చేతిలో చీపురు పారేసి పరిగెత్తుకొచ్చి నా నోరు మూసింది. పసుపు నీళ్ళతో పుక్కిలించేదాకా వదల్లేదు. నేను తెలుక్ ఆన్సన్ పట్నంలో పెరిగినదాన్ని. ఇప్పుడు దాన్ని తెలుక్ ఇంటాన్ అంటున్నారు. నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని కూడాను. ఇదెక్కడి మూఢత్వం అని కడుపు మండిపోయింది. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. పిల్ల సంగతి తర్వాత కాంతయ్య చెప్పాడు. అప్పటి నుంచి నేనూ నిండుకున్నాయనే అన్నాను, నమ్మి కాదు, గొడవెందుకని.

అవి ఎమర్జెన్సీ రోజులు. ఇండియాలో తర్వాతెప్పుడో వచ్చిన ఎమర్జెన్సీ కాదు, తెల్లవాళ్ళ హయాంలో మలయాలో పెట్టింది. కమ్యూనిస్టులు తుపాకులు పట్టుకుని అడవిలో చేరారు. వాళ్ళకి తిండి అందకుండా చెయ్యాలని సర్కారు పట్టుపట్టింది. మా కూలీల ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళ కంచె వేసి ఒకటే గేటు పెట్టారు. కరుప్పయ్య దుకాణాన్ని కూడా కంచె లోపలికి జరిపారు. బియ్యం కార్డు చూసి వారానికోసారి తూచి ఇచ్చేవారు. ఏ డబ్బా కొన్నా కరుప్పయ్య అక్కడికక్కడే మేకుతో దానికి చిల్లు పొడిచి ఇవ్వాలి, దాచిపెట్టి అడవికి పంపకుండా. గేటు దాటి పనికి పోయేటప్పుడు బియ్యం కాదు కదా, వండిన అన్నం కూడా పట్టుకుపోకూడదు. ఆడవాళ్ళని వెతకడానికి గేటు పక్కన రేకుల గది ఒకటి కట్టారు. అందులో రోజూ పొద్దున్నే కొంగులు దులిపించి, కొప్పులు విప్పించేవారు. తల కొట్టేసినట్టుండేది.

ఇంట్లో బియ్యం ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉన్నా తప్పే, తక్కువ ఉన్నా తప్పే. ఎక్కువుంటే అడవివాళ్ళ కోసం దాచినట్టు, తక్కువుంటే ఇచ్చేసినట్టు. అలా పట్టుకుపోయినవాళ్ళని కాంపులో పెట్టి, తర్వాత ఓడెక్కించి ఇండియాకి పంపేసేవారు. పక్క వరసలో ఉండే గోవిందసామిని అలాగే పంపేశారు. అతని పెళ్ళాం పిల్లలు ఇక్కడే మిగిలిపోయారు. ఆ పిల్లలు గేటు దగ్గర నిలబడి వచ్చే ప్రతి బస్సునీ చూసేవారు.

నాకు మొదటి కాన్పు, నెలలు నిండుతున్న రోజులు. బియ్యం ఇచ్చే రోజున అత్త దుకాణానికి బయలుదేరితే నేనూ వెంట వెళ్ళాను. ఎండకి కళ్ళు తిరిగి బయట చెట్టు కింద రాయి మీద కూలబడ్డాను. ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళింది. లోపల ఆ రోజు తనిఖీకి వచ్చిన తెల్ల ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. పక్కన మాటలు చెప్పడానికి కానిస్టేబుల్ దేవదాసు ఉన్నాడు.

దేవదాసు మన పిల్లవాడే. తోటలోంచి పట్నానికి వెళ్ళి స్థిరపడిన తెలుగు క్రైస్తవుల కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే తమిళ పిన్నమ్మ పెంచింది. బడి తమిళం, చర్చి తమిళం, ఉద్యోగం ఇంగ్లీషు. తెలుగు వింటే చాలావరకు తెలిసేది, మాట్లాడబోతే తడబడేవాడు. పోలీసు బట్టల్లో మనవాడొకడున్నాడని మా అత్తకి ఎంత గర్వమో చెప్పలేను. వాడు గేటు దగ్గర ఉన్న రోజున ఆవిడ నవ్వుతూ కొప్పు విప్పేది.

కరుప్పయ్యతో ఎప్పుడూ తమిళంలో మాట్లాడే మనిషి, ఆ రోజు దేవదాసుని చూసి సంబరపడిపోయి తెలుగులో మొదలుపెట్టింది. బాగున్నావా అని అడిగి, మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, ఈ కరుప్పయ్యని బేగి తూచమను అని చెప్పింది. ఏమంటోందని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. దేవదాసుకి నిండు అన్న మాట తెలుసు. కుండ నిండినా కడుపు నిండినా అదే మాట కదా. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు, ఈమె ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయట అని.

నిండుగా ఉంటే మళ్ళీ బియ్యానికి ఎందుకొచ్చినట్టు? ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం వచ్చి ఇద్దరు కానిస్టేబుళ్ళని మా ఇంటికి తరిమాడు. మేము వెనకాల వెళ్ళేసరికి మా బియ్యం డబ్బా గుమ్మంలో బోర్లించి ఉంది. అందులో ఏముంటాయి? వారం చివర ఏ ఇంట్లోనూ ఏమీ ఉండవు. కానీ ఇందాక దుకాణంలో నిండుగా ఉన్నాయని ఆవిడే చెప్పింది, ఇప్పుడు చూస్తే ఖాళీ. ఆ వారమే మా వరస వెనక కంచె దగ్గర ఎవరిదో బియ్యం మూట దొరికింది. ఇన్‌స్పెక్టర్‌కి ఈ రెండూ అతికినట్టు సరిపోయాయి. ఎవరికిచ్చావని అడిగితే, ఎవరికిస్తాం, మాకే చాలవు అని మా అత్త తమిళంలో ఎగిరిపడింది. ఆవిడని లారీ ఎక్కించారు. ఆ అనుమానం ఎందుకొచ్చిందో ఆవిడకీ తెలీదు, మాకూ తెలీదు. లారీ కదిలేటప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి, పొయ్యి మీద చారు ఉంది చూసుకోమని నాకు చెప్పింది.

లారీ కనుమరుగయ్యాక కరుప్పయ్య వచ్చి, దుకాణంలో ఎవరేమన్నారో మెల్లగా చెప్పాడు. ఆయనకి ఆ మాట అర్థం తెలుసు. మిగతాదంతా తమిళంలో మాట్లాడినా, ఆ ఒక్క మాట మా అత్త తెలుగులోనే అంటుంటే ఏళ్ళ తరబడి వింటున్నాడు. అయినా తెల్లవాడి ముందు నోరు విప్పితే దుకాణం మూయిస్తాడేమోనని ఊరుకున్నాడు. ఆ రోజుల్లో ఆ భయం ఎవరికైనా ఉంటుంది, కాదనను. కానీ నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే.

మర్నాడు పొద్దున్నే నేనూ కాంతయ్యా బస్సెక్కి పట్నం వెళ్ళాం. ఇలా పట్టుకొచ్చినవాళ్ళని ఉంచడానికి పోలీసులు ఒక పాత గోదాముని తీసుకున్నారు. ఒకప్పుడు ఎండు కొబ్బరి నిలవ చేసిన చోటు, ఆ వాసన ఇంకా పోలేదు. మెట్ల దగ్గర దేవదాసు కనబడ్డాడు. నన్ను చూడగానే తల దించుకున్నాడు. నిండుకున్నాయంటే ఏమిటో నీకు తెలుసా అని నిలదీశాను.

"నిండు అంటే ఫుల్ దానే, అక్కా?" అన్నాడు. దానే అంటే తమిళంలో కదా అని.

కాదురా, బియ్యం విషయంలో దాని అర్థం అయిపోయాయని, మీ అమ్మ బతికుంటే నీకు చెప్పేదని అన్నాను. అలా అనకూడదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. వాడు మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తర్వాత లేచి, మొహం కడుక్కుని, ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళ్ళి తన తప్పు తానే చెప్పాడు. ఉద్యోగం పోతుందేమోనని కూడా చూడలేదు.

ఆ ఇన్‌స్పెక్టర్ అరిచే మనిషి కాదు. అంతా విన్నాడు. ఖాళీని నిండు అనే భాష గురించి తానెక్కడా వినలేదన్నాడు. నిన్న ఒక అర్థం చెప్పి ఈరోజు ఇంకో అర్థం చెబితే పైవాళ్ళకి తానేమని చెప్పుకోవాలన్నాడు. ఆవిడే తన నోటితో, సూటి మాటల్లో, ఇంట్లో బియ్యం లేవని తన ఎదుట చెబితే వదిలేస్తానన్నాడు. అంతే, ఒక్క మాట. నాకు ప్రాణం లేచొచ్చింది. అది ఏ మాటో గుర్తుకొచ్చేసరికి ఆ ప్రాణం మళ్ళీ జారిపోయింది.

అత్తని తీసుకొచ్చారు. జుట్టు ముడి వీడి ఉంది. నన్ను చూసి ఏమైనా తిన్నావా అని అడిగింది. దేవదాసు ఆవిడ ముందు ఒంగుని, ఇంట్లో బియ్యం ఉన్నాయా, లేవా, అది చెబితే చాలన్నాడు.

"నిండుకున్నాయి," అంది మా అత్త.

అలా కాదు పెద్దమ్మా, లేవు అనాలి అని వాడు బతిమాలాడు. ఆవిడ వాడిని కాదు, నా కడుపుని చూసింది.

"ఈ గుంట ఈ నెలల్లో ఎదురుగా ఉండగా ఆ మాట అనమంటావేట్రా? నీకు తెలుగు రాకపోతే అది నా తప్పా?"

కాంతయ్య ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఓడెక్కించేస్తారమ్మా, ఆ ఇండియాలో నీకు ఎవరున్నారని ఏడ్చాడు. ఎక్కించనీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ పిచ్చి భయానికి నువ్వు పోయి ఎక్కడో చస్తే, నా బిడ్డకి నానమ్మ ఎక్కడి నుంచి వస్తుందని అందరి ముందూ అరిచాను. అంతదాకా నాకే తెలియదు, ఆవిడ పోతే నేను ఉండలేనని. కోపంలో బయటపడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తన పక్కన బల్ల మీద కూర్చోబెట్టింది.

దేవదాసుకి ఒక ఉపాయం తోచింది. తెలుగులో వద్దులే, మలాయిలో చెప్పు, బియ్యాన్ని బెరస్ అంటాం కదా, బెరస్ హబిస్ అను, చాలు, తెలుగులో అనకపోతే లక్ష్మికి తెలీదు కదా అన్నాడు. ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించింది. నాకు ఆశ పుట్టింది.

"లచ్చిమికి మలాయి ఎందుకు రాదురా? ఇన్నేళ్ళబట్టి ఈ దేశంలోనే గదా మాతో ఉన్నాది," అంది.

దేవదాసు దీన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. చెప్పినా ఆ తెల్లవాడికి ఏం బోధపడుతుంది? అతను గడియారం చూసుకుంటున్నాడు. ఇక నేనే ఉండబట్టలేక, నేను చెబుతాను, మా ఇంట్లో బియ్యం అని మొదలుపెట్టానో లేదో, అత్త తన గట్టి చేత్తో నా నోరు నొక్కేసింది. ఇన్‌స్పెక్టర్ అప్పుడు నన్ను చూశాడు. ఇంట్లో వంట చేసేది ఎవరని అడిగాడు. నేనేనని చెప్పక తప్పలేదు. అలాగైతే బియ్యం ఎటు పోయాయో ఈమెకీ తెలిసే ఉంటుంది, ఈమెని కూడా ఇక్కడే ఉంచండి అన్నాడు. బెదిరించాడో, నిజంగానే అన్నాడో నాకు ఈనాటికీ తెలీదు.

అత్త లేచి నిలబడింది. కొప్పు ముడి వేసుకుంది. కోడల్ని బయటికి పంపిస్తే చెబుతానని దేవదాసుతో అంది. నన్ను తలుపు దాకా తనే తీసుకొచ్చింది.

"సెవులు మూసుకో. కడుపు మీద కొంగు కప్పుకో. దూరంగా పోయి నిలబడు," అంది.

నేను కొంగు కప్పుకున్నాను, చెవులు మూసుకున్నాను. నమ్మకం లేనిదాన్ని, అయినా మూసుకున్నాను. కానీ అది గోదాము, పైన రేకులు. చిన్న మాటన్నా మోగుతుంది.

"మా ఇంట్లో బియ్యం నేవు."

సరిగ్గా వినబడలేదేమో, ఇంకోసారి చెప్పమన్నారు. ఆవిడ ఇంకోసారి చెప్పింది.

ఆవిడని వదిలేశారు. బస్సు దగ్గరికి వెళ్ళే దారిలో ఒక కుళాయి కనబడితే అక్కడ ఆగి నోరు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపలేదు. నేనే చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక కరుప్పయ్య ఆ వారం బియ్యం తనే మోసుకొచ్చి ఇచ్చాడు. నేను అన్నం వండి, ఆవిడకే ముందు వడ్డించాను. ఆవిడ కంచాన్ని నా వైపు తోసేసింది.

"నేవన్న నోరిది. దీనికి అన్నం పెడితే ఇంటికి తగులుతాది. నాకు కర్రపెండలం ఉడకెయ్యి."

ఒకటి రెండు రోజుల్లో దిగొస్తుందిలే అనుకున్నాం. దిగిరాలేదు. నేను అరిచాను, అలిగాను, ఒకసారి నేనూ అన్నం మానేశాను. కడుపుతో ఉండి అలా చేశావంటే నీ జుట్టు పట్టుకుని తినిపిస్తానంది, తినిపించింది కూడా. తను మాత్రం ముట్టలేదు. జపాన్ కాలంలో తిన్న ఆ పెండలమంటే ఆవిడకి పరమ అసహ్యం, వాసన తగిలినా మొహం చిట్లించుకునేది. దాన్నే రోజూ ఉప్పు నంజుకుని తినేది.

నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే తోటంతా వినబడేలా ఏడ్చింది. దాని కాళ్ళు వాచాయేమోనని అత్త రోజూ వేలితో నొక్కి చూసేది. అది నడిచింది, పరిగెత్తింది, పొరుగింటి నరసమ్మ కోళ్ళని తరిమి తరిమి ఏడిపించింది. చూశావా అత్తా, ఏమీ కాలేదు, ఇకనైనా అన్నం తిను అని నేనంటే, నేను తినడం లేదు కాబట్టే ఏమీ కాలేదు అనేది.

దుకాణానికి మాత్రం అలాగే వెళ్ళేది. మిరపకాయలు అలాగే ఆడించేది, ఎండు చేప అలాగే విరిచేది. బియ్యం విషయంలో మాత్రం నోరెత్తేది కాదు. ఖాళీ డబ్బా తీసుకెళ్ళి కరుప్పయ్య ముందు పెట్టేది, అంతే. నిండుకున్నాయన్న మాట కూడా మానేసింది. ఆ మాటని పోలీసులు మైలపరిచారని ఒకసారి నాతో అంది.

యాభై ఏడు ఆగస్టులో మెర్దేకా వచ్చింది. మలయాకి స్వాతంత్ర్యం. తోట ఆఫీసు ముందు కొత్త జెండా ఎగరేశారు, రేడియో పెట్టారు, అందరికీ అన్నం, మేకమాంసం కూర పెట్టారు. మా పిల్లని చంకనెత్తుకుని అత్త కూడా వచ్చింది. దేవదాసు ఆ వేళ పోలీసు బట్టల్లో కాకుండా తెల్ల చొక్కాలో వచ్చాడు. ఆకులో అన్నం పెట్టించుకుని తెచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. అప్పటికి వాడి తెలుగు కొంచెం బాగుపడింది, పట్టుబట్టి మా ఇంటికొచ్చి నేర్చుకున్నాడు. ఇప్పుడు మన రాజ్యం వచ్చింది కదా పెద్దమ్మా, ఈ ఒక్క ముద్ద తిను అని బతిమాలాడు.

"రాజ్యం వచ్చినాది. కంచె పోనాదా?" అంది ఆవిడ.

వాడు కంచె వైపు చూశాడు. మెర్దేకా వచ్చినా అడవిలో తుపాకులు ఆగలేదు, కాబట్టి మా కంచె, గేటు, రేకుల గది అన్నీ అలాగే ఉన్నాయి. అత్త ఆకులోని అన్నం కలిపి మనవరాలికి తినిపించింది. వేళ్ళకి అంటిన మెతుకుల్ని కూడా తీసి పిల్ల నోట్లోనే పెట్టింది.

మరుసటి ఏడు వానల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. కాంతయ్య డాక్టర్ని తీసుకొచ్చాడు. మందులు పనిచేయలేదు. ఒంట్లో సత్తువ లేదు, ఇన్నేళ్ళు ఏం తిందీవిడ అని డాక్టరు అడిగాడు. చివరి రోజున కూడా గంజి పట్టబోతే పెదవులు బిగించేసింది. మధ్యాహ్నం నేను తల దువ్వుతుండగా పోయింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. ఆవిడతో అన్నేళ్ళు పోట్లాడిన నేను అలా ఏడవడం చూసి నరసమ్మ నోరు తెరిచింది.

మావాళ్ళలో, పోయిన మనిషిని తీసుకెళ్ళే ముందు ఇంటి ఆడవాళ్ళు నోట్లో బియ్యం వేస్తారు. తమిళుల దగ్గర నేర్చుకున్నదో, మాదేనో నాకు తెలీదు. డబ్బాలో ఉన్నవి కొన్నే. అందులోంచి గుప్పెడు తీశాను. ఆ నోట్లో మళ్ళీ బియ్యం పడడం అదే. చిటికెడు చాలంటున్నా వినకుండా పట్టినన్ని వేశాను.

శ్మశానం కంచె అవతల ఉంది. గేటు దగ్గర పాడె దించమన్నారు. బియ్యం గింజ కూడా గేటు దాటకూడదన్న ఆర్డరు అప్పటికింకా ఉంది, పాడెనైనా వెతకాల్సిందే. డప్పులవాళ్ళ సంచులు చూశారు. పూల బుట్ట బోర్లించారు. ఆ రోజు గేటు మీద ఉన్నది దేవదాసు. వాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని పాడె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాప కింద చెయ్యి పెట్టి తడిమాడు. తర్వాత మొహం మీద గుడ్డ తొలగించాడు. నేను వేసిన వాటిలో ఒక గింజ పెదవి మీద నిలిచిపోయి ఉంది. వాడు దాన్ని చూశాడు, పక్కనున్న మలాయి పోలీసు కూడా చూశాడు.

దేవదాసు ఆ గింజని వేలితో మెల్లగా లోపలికి నెట్టి, గుడ్డ కప్పి, లేచి వెళ్ళి గేటు తీశాడు.